చెరువు చేప, ఏటి చేప

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములపాటు ఒక గ్రామమున గ్రంథాలయ దీపము ఆరకుండ నిలుచుట సామాన్య విషయము కాదు. దానిని నిలిపిన చందాదారులకును, పాఠకులకును ముందుగా నా అభినందనములు. ఇట్టి సభలలో కావ్యములను గూర్చియు, కవులను గూర్చియు ముచ్చటించుట ఆచారము. నేను మాత్రము నేడు చేపలను గూర్చి మాటలాడ దలచితిని. గ్రంథాలయ రజతోత్సవమునకును చేపలకును సంబంధమేమని కొందరికి తోచవచ్చును. గోదావరి ఉత్తరవాహినియై పారు చెన్నూరు సీమ మనది. ఒక ప్రక్క గోదావరి, వేరొక ప్రక్క ప్రాణహిత, నడుమ ఊరూరను చెరువులు, కుంటలు. గంగపుత్రులు, ముదిరాజులు మొదలైనవారి కుటుంబము లెన్నింటికో ఈ నీళ్లే పొలములు. పొలమును గూర్చి రైతునకు ఎంత తెలిసియుండవలెనో, నీటిని గూర్చి మనకంత తెలిసియుండవలెను.

“చేపపిల్లకు ఈత నేర్పవలెనా?” అని సామెత. అట్లే మన జాలరికి వల విసరుట ఎవ్వరును నేర్పనక్కరలేదు. కాని పట్టుట వేరు, పట్టిన తరువాతను మిగులునట్లు చూచుకొనుట వేరు. ఈ రెండవ విద్యలో గడచిన నూరేండ్లుగా శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన చాల కలదు. దాని సారము రెండు ముక్కలలో చెప్పవచ్చును. చెరువునకు విత్తనము కావలెను. ఏటికి గడువు కావలెను. ఈ రెంటిని వివరించి, తుదకు మన గ్రంథాలయము చేయదగిన పని యొకటి మనవి చేసెదను.

మొదట చెరువు మాట. మన చెరువులలో పెంచు చేపలలో ముఖ్యమైనవి బొచ్చె, రవ్వ, మోసు. ఈ మూడును నిలువ నీటిలో చక్కగా పెరుగును. కాని అందులో గ్రుడ్లు పెట్టవు. కడుపున గ్రుడ్లు నిండినను, పారు నీరు, క్రొత్త వరద, ఆ వరదతో వచ్చు చల్లదనము కలిసిరానిదే అవి ఈనవు. కనుక పూర్వము చెరువులో చేపలు పెంచదలచినవారు వానకాలమున నదికి పోయి, సన్నని వలలతో వరదలో కొట్టుకొనివచ్చు పిల్లలను పట్టి తెచ్చుకొనవలసి వచ్చెడిది. బంగాళములో ఇది పెద్ద వ్యాపారముగా నుండెడిది. కుండలలో పోసి రైళ్లమీద దూరదేశములకు పంపెడివారు. దారిలో చచ్చునవి పోగా మిగిలినవానిలో మంచి జాతియెంతో, తోడి పిల్లలను మ్రింగు జాతియెంతో పెరిగినగాని తెలిసెడిది కాదు. చెరువు పంట యేటి దయమీద ఆధారపడియుండెను.

ఈ చిక్కును విప్పుటకు దారి దూరదేశమున దొరకెను. తలలో మెదడు క్రింద పీయూష గ్రంథి యను చిన్న గ్రంథి యున్నది. ఈనికకు ప్రేరణ నిచ్చునది దాని రసమే. 1930 లో అర్జెంటీనా దేశమున హౌసే యను శాస్త్రజ్ఞుడు ఒక చేప గ్రంథిరసమును వేరొక చేపకు ఎక్కించి ఫలితములు చూచెను. 1934 లో బ్రెజిలు దేశమున వాన్ ఇహెరింగ్ అను నతడు ఆ విధముగా చేపలను ఈనించెను. మన దేశమున కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ 1947 లో కలకత్తాలో ఏర్పడెను. ఆ సంస్థకు చెందిన హీరాలాల్ చౌధురి, అలికున్హి మొదలగువారు సంవత్సరముల తరబడి ప్రయత్నించి, 1957 జూలై 10 వ తేదీన ఒరిస్సాలోని అంగుల్ అను చోట మన కార్పు జాతి చేపలను మొదటిసారిగా నిలువ నీటిలో ఈనింప గలిగిరి. ఆ తేదీనే నేడు జాతీయ మత్స్యరైతు దినముగా జరుపుకొనుచున్నాము.

వారు చేసినది మంత్రము కాదు, ఓపిక. చేప తలనుండి ఆ గ్రంథిని తీసి, నూరి, నీటిలో కలిపి, వడబోసి, తల్లిచేపకు సూదితో ఎక్కింతురు. కొన్ని గంటల తరువాత రెండవ మోతాదు ఇచ్చి, అప్పుడే మగచేపలకు గూడ ఇచ్చి, సన్నని గుడ్డతో కుట్టిన తొట్టివంటి తెరలో వాటిని కలిపి విడుతురు. తెల్లవారునప్పటికి గ్రుడ్లు, మరునాటికి నూలుపోగువంటి పిల్లలు. రవ్వ జాతిలో తల్లిచేప కిలో బరువునకు సుమారు 2 లక్షల గ్రుడ్లుండును. తరువాతి కాలమున చైనావారి పద్ధతిని గుండ్రని తొట్టెలలో నీటిని త్రిప్పి యేటి పరుగును కల్పించుటయు, గ్రంథికి బదులు తయారైన మందు వాడుటయు వచ్చెను. నేడు ఏ చేపపిల్లల కేంద్రమునకు పోయినను చూచునది ఆనాటి అంగుల్ పనికి పొడిగింపే. చెరువు ఏటికి పడియున్న బాకీ అట్లు తీరెను.

విత్తనము దొరకిన తరువాత ఎట్లు చల్లవలెనను ప్రశ్న వచ్చెను. మన రైతు ప్రత్తిచేనిలో కంది సాలు వేయును. రెంటి వేళ్లు ఒకే లోతున పోవు, రెంటి కోత ఒకే నాడు రాదు. నీటిలోను అంతే. బొచ్చె పైనీటిలో కంటికి ఆనని పురుగులను తినును. రవ్వ నడిమి నీటిలో మేయును. మోసు అడుగున కుళ్లిన ఆకు అలములను తినును. ఒకే జాతి వేసినచో నీటిలో ఒక పొర మాత్రమే పండి, తక్కిన రెండు పొరలు బీడుగా పడియుండును. మన జాతులతో గడ్డిచేప, వెండిచేప, బంగారుతీగ మొదలగు విదేశ జాతులను గలిపి పెంచు పద్ధతిపై 1971 లో అఖిల భారత సమన్వయ పరిశోధన ఆరంభమై, అనేక రాష్ట్రములలో పరీక్షలు జరిగెను. దానిపిమ్మట భువనేశ్వరమునొద్ద కౌసల్యాగంగలోని మంచినీటి మత్స్య పరిశోధన సంస్థవారు నార్వే శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో మేలైన రవ్వలను తరతరమునకు ఏరుచు, 1997 లో ‘జయంతి’ యను రకమును విడుదల చేసిరి. బలమైన జొన్నకంకిని ఏరి విత్తనమునకు దాచిన మన పెద్దల పనియే ఇది. కాని ఏ తల్లికి ఏ పిల్ల, ఎంత కాలమున ఎంత బరువు అని ప్రతి తరమునకు లెక్క వ్రాసి చేసిన పని. లెక్క అను మాటను గుర్తుంచుకొన వేడెదను. మరల దానియొద్దకు వత్తును.

తెలంగాణమున 2016 నుండి ప్రభుత్వము సహకార సంఘముల చెరువులలో ఉచితముగా చేపపిల్లలను విడుచు పథకమును ఆరంభించెను. ఈ పథకములో కొన్ని నెలలే నీరు నిలుచు కుంటలకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడుగున నీరుండు పెద్ద చెరువులకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలను ఏర్పరచిరి. ఈ కొలతలు ఎందుకు? వేసవిలో ఎండిన కుంటలో పిల్లను మ్రింగు పెద్ద చేప మిగిలియుండదు. చిన్న పిల్లయైనను బ్రదుకును. ఎండని చెరువులో వాలుగ, కొర్రమీను కాచుకొని యుండును. పెద్ద చేప చిన్న చేపను మ్రింగుట యను మత్స్యన్యాయము అక్కడ అక్షరాల నిజము. అట్టి చెరువులో గింజంత పిల్లలను లక్ష పోసినను, వాలుగలకు విందు చేసినట్లే. కనుక పిల్లల సంఖ్యయొక్కటే చాలదు, పొడవు గూడ చూడవలెను. ఒక స్కేలుకట్ట చాలు.

ఎంచుట గూడ కష్టము కాదు. ఒక చిల్లుల గిన్నెతో ఒకసారి ముంచి, అందలి పిల్లలను ఒక్కొక్కటిగా లెక్కింపవలెను. అట్లు మూడుసార్లు చేసి సగటు తీసి, ఎన్ని గిన్నెలు పోసిరో దానితో హెచ్చించినచో మొత్తము తెలియును. సంచులలో వచ్చిన పిల్లలను వెంటనే చెరువులో కుమ్మరింపరాదు. సంచిని కొంతసేపు చెరువు నీటిపై తేలనిచ్చి, లోని నీటికిని బయటి నీటికిని వేడి సమమైన పిదప, కొంచెము కొంచెముగా చెరువునీరు కలిపి, అవి తమంతట తాము ఈదిపోవునట్లు విడువవలెను. ఉదయము చల్లని వేళ మంచిది.

ఇక చేప ఊపిరి మాట. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచుచుండుట మీరు చూచియుందురు. నీటిలో కరగిన ప్రాణవాయువు తరిగినదని దాని యర్థము. పగటివేళ ఎండలో నీటి పచ్చదనము ప్రాణవాయువు నిచ్చును. రాత్రి ఆ పచ్చదనమే దానిని పీల్చుకొనును. కనుకనే తెల్లవారుజాము గండము. మబ్బు పట్టిన దినముల తరువాత ఈ గండము మరింత పెరుగును. ఎరువు మితిమీరి వేసిన చెరువులో నీరు చిక్కని పచ్చగా మారి, ఒకే రాత్రిలో చేపలన్నియు తేలిపోవచ్చును. నీరు మోచేతి లోతున అరచేయి కనిపించీ కనిపించనట్లున్నచో పచ్చదనము తగినంతయే. అంతకంటె ముందే చేయి మరుగైనచో ఎరువును, మేతను ఆపి, క్రొత్త నీరు పెట్టవలెను.

దీనికి తోడు ప్రత్తిచేల మందులు. పురుగుల మందులలో పైరెత్రాయిడు జాతివి మనిషికి అంత హాని చేయకున్నను, చేపకు అతి స్వల్పమాత్రలోనే ప్రాణాంతకములు. మందు కొట్టిన డబ్బాను చెరువుగట్టున కడుగు రైతు పొరుగువాని పంటకు తెలియకయే నిప్పు పెట్టుచున్నాడు. రైతు, జాలరి ఒకే ఊరివారు, ఒకే గ్రంథాలయపు చందాదారులు. ఈ మాట ఈ సభలో తప్ప మరెక్కడ చెప్పుకొందుము?

ఇప్పుడు ఏటి మాట. చెరువులో విత్తనము పోయగలము. ఏటిలో విత్తనము పోసేది యేరే. గోదావరి పరీవాహక ప్రాంతములో సుమారు మూడవ వంతు ఒక్క ప్రాణహితదే. ఆ నీరు కాళేశ్వరమునొద్ద గోదావరిని కలియుచున్నది. వానకాలమున క్రొత్తనీరు తాకగనే చేప ఎదురెక్కి ఈనుటకు పోవును. సరిగా ఆ దినములలోనే దానిని పట్టుట మిక్కిలి సులభము. అందువలననే అది మిక్కిలి చెరుపు. మన రవ్వ, బొచ్చె రెండవ, మూడవ యేటగాని ఈనికకు రావు. అంతకుముందే సన్నకన్ను వలలో పడిన చేప తన జాతికి ఒక్క గ్రుడ్డైన మిగిల్చి పోలేదు.

ఇది నేటి చింత కాదు. ఫ్రాన్సిస్ డే యను వైద్యుడు భారత దేశమంతయు చేపలను పరిశీలించి, 1873 లో మంచినీటి చేపలపై నివేదిక వ్రాసెను. సన్నకన్నుల వలలతో పిల్లచేపలను తుడిచిపెట్టుట ఆనాడే ఆతనిని కలవరపెట్టెను. 1897 లో బ్రిటిషు ఇండియాలో వచ్చిన మత్స్యచట్టము ప్రేలుడు మందుతోను, విషముతోను చేపలను చంపుట నేరమని శాసించెను. నూటయిరువది యేండ్లు దాటినను, మందుగుండు వేయువారు నేటికిని లేకపోలేదు. ఒక్క ప్రేలుడునకు తేలిన చేపలకంటె మునిగిన చేపలు, నలిగిన పిల్లలు, చెదరిన గ్రుడ్లు ఎక్కువ.

ఇక్కడ ఒక సూక్ష్మము చెప్పవలసియున్నది. మన అడవులలోని ఇప్పగింజల పిండి నీటిలో చేపను చంపును. పరిశోధకులు దానినే నారుమడివంటి చిన్నకుంటలలో పిల్లలను విడుచుటకు ముందు పాత చేపలను తొలగించుటకు వాడుమనిరి. రెండు మూడు వారములలో దాని విషము విరిగి, ఎరువుగా మారును. అదే ఇప్పపిండి పారు యేటి మడుగులో వేసినచో, ఏరిన చేపకాక అన్ని జాతులును, అన్ని వయస్సులును చచ్చును. వస్తువొక్కటే, కుంటలో అది సాగు, ఏటిలో అది నాశనము. ఎక్కడ వాడవలెనో తెలుపునదే శాస్త్రము.

కొర్రమీను మన తెలంగాణ రాష్ట్రపు చేప. దీని పద్ధతి వేరు. ఇది నిలువ నీటిలోనే, నాచు గడ్డి నడుమ గూడు చేసికొని ఈనును. తల్లియు తండ్రియు ఎఱ్ఱని పిల్లల గుంపును వెన్నంటి కావలి కాయును. గుంపు కనబడినచోట గాలమువేసి పెద్దచేపను పట్టుట తేలికయని తెలిసినవారందరికి తెలియును. కాని ఒక్క చేపను తీసికొనిపోయిన యా చోట వందలకొలది పిల్లలు దిక్కులేనివగును. ఆ కొలది వారములు విడిచిపెట్టుట ధర్మమునకు ధర్మము, లాభమునకు లాభము.

ఆనకట్టల వలన ఏటి చేప నడక మారును. ధవళేశ్వరమున కాటనుదొర ఆనకట్ట 1852 లో పూర్తియైన పిమ్మట, సముద్రమునుండి గోదావరి కెక్కు పులసచేప పైకి రాకకు అది అడ్డమయ్యెను. మన యెదుట 2019 లో మేడిగడ్డ, అన్నారము, సుందిళ్ల బరాజులు వెలసెను. పారు నీరు నిలువ నీరయ్యెను. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు స్తంభములు కుంగిన పిమ్మట నీటిని వదలిరి; నిలువ నీరు మరల పారు నీరయ్యెను. ఈ మార్పులలో ఏ జాతి చేప పెరిగినది, ఏది తరిగినది? బరాజుల మంచిచెడ్డలను తర్కించుట నా పని కాదు. ముందటి లెక్క లేనిదే వెనుకటి నష్టమును ఎవ్వరును నిరూపింపలేరని మాత్రమే నేననునది. హైదరాబాదు రాజ్యములో మహమూద్, రహీముల్లా యను ఇద్దరు చేపలను జిల్లాలవారీగా పరిశీలించి, నిజామాబాదు జిల్లా చేపల పట్టికను 1947 లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘ పత్రికలో ప్రకటించిరి. మనకెగువ నీళ్లలో ఆనాడు ఏయే జాతులుండెనో నేడు ఎవరైన తెలిసికొనగోరినచో ఆధారము అట్టి కాగితములే. వారు వ్రాయకున్నచో ఆ జ్ఞానము వారితోనే పోయెడిది.

2022 లో ప్రపంచమున మనుష్యులు పట్టిన జలజీవులకంటె పెంచినవే ఎక్కువయ్యెనని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కగట్టెను. చరిత్రలో ఇది మొదటిసారి. వేటనుండి సేద్యమునకు మనిషి నేలపై వేల యేండ్ల క్రిందట మారెను. నీటిపై మన కండ్లముందే మారుచున్నాడు. ఈ మార్పులో తన చెరువు లెక్క తెలిసినవాడు సేద్యగాడగును. తెలియనివాడు తన చెరువులోనే కూలివాడగును. చెరువులో ఎంత చేప యున్నదో తెలియని సంఘము, వల వేయకముందే దళారి చెప్పిన ధరకు తలయూపును. చదువు లేనందున కలుగు నష్టము ఇంత సూటిగా తూకములో కనబడు చోటు మరొకటి లేదు.

అందుచేత మన గ్రంథాలయమునకు ఒక మనవి. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి తెలంగాణ గ్రంథాలయములు మనకు చదువుట నేర్పినవి. ఇకమీదట వ్రాయుట గూడ నేర్పవలెను. ఈ బీరువాలలో ఒక పుస్తకము తెల్లకాగితములతో ఉంచుడు. దానికి ‘నీటిపద్దు’ అని పేరు పెట్టుడు. ఊరి ప్రతి చెరువునకును ఒక పుట. పిల్లలను విడిచిన తేదీ, జాతి, సంఖ్య, పొడవు. చెరువులో నీటి మట్టము. చేపలు చచ్చిన దినములు, ఆనాటి వాతావరణము. వల వేసిన తేదీ, వలకన్ను కొలత, జాతులవారీగా తూకము. ఏటికి వేరొక పుట. గ్రుడ్లతో నిండిన చేప ఏ తేదీన మొదట కనబడెను, ఏ జాతి ఎంత పెద్దది పడెను, ఏ జాతి ఎన్నాళ్లుగా కనబడలేదు. ఉన్నత పాఠశాల విద్యార్థు లిద్దరు వ్రాయవచ్చును. మత్స్య సహకార సంఘమువారు సంతకము చేయవచ్చును. గంపలతో వీధివీధి తిరిగి చేపలమ్ము అక్కచెల్లెండ్రను తప్పక అడుగవలెను. చేప చిన్నదగుచున్నదని మొదట తెలియునది జాలరికి కాదు, తక్కెడ పట్టిన ఆ తల్లికే.

ఒక యేటి లెక్క ముచ్చట. మూడేండ్ల లెక్క సాక్ష్యము. పదేండ్ల లెక్క శాస్త్రము. పిల్లలు తక్కువ వచ్చినప్పుడు అధికారులయెదుట గొంతు పెంచనక్కరలేదు, పుట తిప్పి చూపవచ్చును. ఈనిక దినములలో ఏటివేట మానుమని పొరుగూరివారితో చెప్పవలసి వచ్చినప్పుడు, పోట్లాట లేకుండ తేదీలు చూపవచ్చును. పేబ్బేరులోని మత్స్య కళాశాలనుండియో, మరెక్కడనుండియో పరిశోధకులు వచ్చినప్పుడు, వారికి మనము వట్టి చేతులతో ఎదురేగ నక్కరలేదు. అంగుల్‌లో సూది పట్టినవారు చేసినదియు, మన ఊరిలో కలము పట్టి చేయదగినదియు వేరు వేరు కావు. చూచినది చూచినట్లు వ్రాయుటయే రెంటికిని మూలము.

చెరువునకు మంచి విత్తనము, ఏటికి తగిన గడువు, రెంటికిని ఒక లెక్కపుస్తకము. ఇంతకంటె నేను చెప్పదలచినది లేదు. స్వర్ణోత్సవము నాటికి ఈ గ్రంథాలయమున అన్నిటికంటె నలిగిన పుస్తకము ఆ నీటిపద్దు కావలెనని కోరుచున్నాను.